చాక్లెట్ల సీసాలో చౌల్దారీ మట్టి

బ్రూక్షాబాద్‌లో సాయిలక్ష్మి దుకాణానికి వెళ్లి ఉప్పు అడిగినా, ఎండు నెత్తళ్లు అడిగినా కాసేపు ఆగాలి. ఆవిడ క్లాసులో ఉంటుంది. బెల్లం డబ్బాకి ఫోను ఆనించి, చెవుల్లో వైర్లు దోపుకుని, తెర కింద పరిగెత్తే హిందీ అక్షరాల వెంట కళ్లు పరిగెత్తిస్తూ ఉంటుంది. "దీదీ, ఆధా కిలో చీనీ" అని రెండోసారి అరిస్తే గానీ తల ఎత్తదు. ఎత్తినా చూపు ఇంకా శనిగ్రహం దగ్గరే ఉంటుంది. పంచదార బదులు రవ్వ కట్టి ఇచ్చిన రోజులు కూడా ఉన్నాయి.

"ఇంత చదివితే నౌకరీ ఏమైనా వస్తుందా దీదీ?" అని అడిగేవాళ్లకి ఆవిడ దగ్గర ఒకటే జవాబు. "రాదు. ఊరికే. బాగుంటుందని."

ఊరికే అంటే నిజంగా ఊరికే. ఫీజు లేదు, పరీక్ష రాయకపోయినా అడిగేవాడు లేడు. దేశదేశాల యూనివర్సిటీలు పాఠాలు నెట్లో పెట్టాయి, చూసేవాళ్లు చూడొచ్చు. సముద్రం అడుగున కేబులు వెయ్యకముందు ఈ దీవుల్లో ఫోనులో ఒక ఫొటో తెరుచుకోవాలంటే ఈలోగా టీ కాచుకుని తాగి రావచ్చు. కేబులు పడ్డాక, లాక్‌డౌన్లో దుకాణం సగం పూట మూసి ఉండగా, సాయిలక్ష్మికి ఈ గని దొరికింది. మొదట నక్షత్రాలు చదివింది. తరవాత పాతకాలపు వంతెనలు ఎలా కట్టారో చదివింది. ఆ తరవాత పిట్టల కూతలు. ఒకదానికీ ఇంకోదానికీ సంబంధం ఉండదు. అదే ఆవిడకి నచ్చింది.

సునామీ వచ్చేనాటికి పదో తరగతిలో ఉంది. స్కూలుని రిలీఫ్ క్యాంపు చేశారు. తను కూర్చునే బెంచీ మీద ఎవరో తల్లి పసిబిడ్డకి పాలివ్వడం చూసి ఇంటికి తిరిగొచ్చింది. క్యాంపు ఎత్తేసేసరికి పెళ్లి మాటలు నడుస్తున్నాయి. చదువు ఆగిందని అప్పట్లో ఎవరూ ఏడవలేదు. ఏడవడానికి ఇళ్లనిండా వేరే కారణాలున్నాయి.

చుట్టుపక్కల వాళ్లంతా ఎగతాళి చేసినా, అత్త గురువమ్మ మాత్రం ఒక్క మాట అనలేదు. శ్రీకాకుళం తీరం నుంచి ఓడెక్కి వచ్చిన మనిషి, వేలిముద్ర తప్ప తెలియదు. కోడలు పాఠం వింటున్నంతసేపూ గల్లా దగ్గర తనే కూర్చునేది. పొద్దువాలాక ఇద్దరూ చేపలు శుభ్రం చేస్తూ కూర్చుంటే, "ఇయాల ఏటి సెప్పాడే మీ మేస్టారు?" అని అడిగేది. సాయిలక్ష్మి చెప్పేది. ముసలిది నోరు తెరుచుకుని వినేది, మధ్యమధ్య "ఓలమ్మ, అంత దూరమేటే!" అనేది. లోకంలో తన మాట ఇంత శ్రద్ధగా వినే మనిషి ఇంకొకరు లేరని సాయిలక్ష్మికి తెలుసు. అత్త అంటే ఆవిడకి ప్రాణం. ఆ ప్రాణమే ఈ కథలో పోగొట్టుకునే పరిస్థితి వచ్చింది.

గురువమ్మకి ఇద్దరు కొడుకులు. పెద్దవాడు నాగరాజు, సాయిలక్ష్మి మొగుడు, డింగీ మీద చేపల వేటకి వెళ్తాడు. చిన్నవాడు తాతబ్బాయి. వాడికి ఏడేళ్లప్పుడు సునామీ వచ్చింది. ఒళ్లు దొరకలేదు. ఆ ఇంట్లో వాడి పేరు ఎవరూ ఎత్తరు. గోడ మీద ఫొటో లేదు, దండ లేదు, తద్దినమూ లేదు.

ఆ ఏడు వానలు వెనకబడుతున్న రోజుల్లో సాయిలక్ష్మి కొత్త కోర్సు మొదలుపెట్టింది. మట్టిలో బతికే, కంటికి కనపడని జీవాల గురించి. ఎక్కడో చలిదేశపు యూనివర్సిటీ. మేష్టారికి పొడుగాటి గడ్డం, మురికి గురించి మాట్లాడేటప్పుడు కళ్లల్లో వెలుగు. ఇంటి పని కూడా మురికిదే ఇచ్చాడు. గాజుసీసాలో బురద నింపండి, అందులో చింపిన కాగితం, ఒక కోడిగుడ్డు వెయ్యండి, పైన అక్కడి నీళ్లే పొయ్యండి, వెలుతురు తగిలే కిటికీలో పెట్టండి, అన్నాడు. కొన్ని వారాలకి ఆ జీవాలు అంతస్తులు అంతస్తులుగా కాపురం పెడతాయట. పైన ఆకుపచ్చ, మధ్యలో ఊదా, అడుగున నలుపు. వారం వారం ఫొటో తీసి క్లాసులో పెట్టండి, ఒకరి సీసా గురించి ఒకరు మాట్లాడుకోండి, అన్నాడు. ఉప్పునీరు ఏళ్ల తరబడి నిలిచిపోయిన చోటి బురద దొరికితే రంగులు మహా బాగా వస్తాయని కూడా అన్నాడు.

అలాంటి చోటు సాయిలక్ష్మికి ఒకటే తెలుసు. చౌల్దారీ కింద పల్లపు పొలాలు. సునామీ రోజు అక్కడ భూమి కుంగిపోయింది. సముద్రం లోపలికి వచ్చింది, మళ్లీ వెనక్కి పోలేదు. అత్తవారి పాత ఇల్లు అక్కడి ఖాడీ, అంటే ఉప్పుకాలువ, ఒడ్డునే ఉండేది. ఇప్పటికీ ఆటు సమయంలో ఇంటి అరుగు నీళ్లలోంచి పైకి కనపడుతుంది.

నాగరాజు వేటలో ఉన్న రోజు చూసుకుని బస్సెక్కింది. అత్తకి మాత్రం ఫెరార్గంజ్‌లో బంధువుల ఇంటికని చెప్పింది. చిన్న అబద్ధం, ఎవరికీ నష్టం లేదనుకుంది.

ఆటు సమయం. తలలు తెగిన కొబ్బరి మానులు బురదలో బారుగా నిలబడి ఉన్నాయి. నీరు తీసిన చోటల్లా నల్లని బురద, దాని మీద జిడ్డు మెరుపు, పీతల బొరియలు, కుళ్లిన ఆకుల చీము. కంపు ముక్కులో కాదు, నాలుక మీద తగిలింది. మామూలు మనిషయితే అక్కడే వాంతి చేసుకునేది. సాయిలక్ష్మి మాత్రం మేష్టారు చెప్పిన వాసన ఇదేనని తెగ సంబరపడింది. చీర ఎగ్గట్టి అరుగు పక్కన దిగింది. మోకాళ్ల దాకా దిగబడింది. చెయ్యి లోపలికి పెడితే పైన చల్లగా ఉన్న బురద లోపల వెచ్చగా తగిలింది. గుప్పెడు గుప్పెడు తీసి డబ్బాలో వేసుకుంది. ఒక గుప్పెడు మాత్రం వెంటనే ఊడి రాలేదు. లోపల ఎవరో రెండో చివర పట్టుకున్నట్టు కాస్త బిగించి... వదిలింది. బురదకి ఆ గుణం ఉంటుందిలే అనుకుంది.

ఇంటికొచ్చి దుకాణంలో చాక్లెట్లు పెట్టే పెద్ద గాజుసీసా ఖాళీ చేసింది. బురద వేసింది. పాత పేపరు చింపి వేసింది. గుడ్డు కొట్టి వేస్తూ, ఎవరికో పెడుతున్నట్టుగా, "ఊఁ, తిను" అంది నవ్వుతూ. వంటింటి కిటికీలో పెట్టి ఫొటో తీసి క్లాసులో పెట్టింది.

మూడో రోజుకే ఇల్లు కంపెత్తింది. వేట నుంచి వచ్చిన నాగరాజు గుమ్మంలోనే ఆగిపోయాడు.

"ఏటే ఇది, ఎలక సచ్చిందేటి?"

"చదువు" అంది సాయిలక్ష్మి.

"సదువు ఇంత కంపు కొడతాదని తెలిస్తే నాను బడికెల్లనందుకు మా అమ్మ నన్ను కొట్టీది కాదు" అని ముక్కుకి తువ్వాలు చుట్టుకున్నాడు. మర్నాడే మళ్లీ డింగీ ఎక్కాడు, ఈసారి దూరపు దీవులకి, నెల దాకా రానన్నాడు.

గురువమ్మ మాత్రం ముక్కు మూసుకోలేదు. సీసా వైపు చూసి, దగ్గరకొచ్చి, మూత దగ్గర ముఖం పెట్టి, గుండెల నిండా పీల్చింది. ఎక్కడి మట్టి అని అడగలేదు.

రంగులు తొందరగా వచ్చాయి. మేష్టారు వారాలన్నది రోజుల్లోనే మొదలైంది. అడుగున కాటుక నలుపు, దాని మీద కమిలిన గాయంలా ఊదా, పైన నాచు పచ్చ. క్లాసులో వాళ్లంతా మెచ్చుకున్నారు. పోర్చుగల్ ఆవిడ ఒకామె తన సీసాలో ఇంకా ఏమీ రాలేదని వాపోయింది. కెనడాలో ఉండే ఒక ముసలాయన ఏ దేశపు మట్టి అని అడిగాడు. చౌల్దారీ పేరు తన వల్ల కెనడాకి తెలిసిందని సాయిలక్ష్మికి ఆ పూటంతా కాళ్లు నేలమీద నిలవలేదు.

రెండో వారం ఫొటోకి పోర్చుగల్ ఆవిడ రాసింది: "చాలా బాగుంది. పైన ఆ తెల్లగింజలు కూడా వెయ్యాలా? మేష్టారు మాకు చెప్పలేదే."

సాయిలక్ష్మి ఫొటోని పెద్దది చేసి చూసింది. తెల్లగింజలు... అన్నం మెతుకులు. నీటి మీద తేలుతున్నాయి. కొన్ని ఉబ్బి, చుట్టూ జిగురు పట్టి, పురుగుల్లా పడి ఉన్నాయి. తను వెయ్యలేదు.

వెళ్లి సీసా చూసింది. మెతుకులే కాదు. గాజుకి అంటుకుని చిన్న చేపముల్లు ఒకటి. శుభ్రంగా చీకేసిన ముల్లు. దాని మీద రవ్వంత కండ లేదు. మూత అంచున వేలితో తుడిచినట్టు జాడ. సీసా లోపల బుడగ ఒకటి పైకి వచ్చి పగిలింది, గ్యాసు కంపుతో ఆవిడ కళ్లల్లో నీళ్లు తిరిగాయి.

ఆ రోజుల్లోనే అత్త కంచంలో అన్నం సరిగా తినడం మానేసింది. "ఆకలి లేదే" అనేది. కానీ ముఖం నిగనిగలాడేది. పొట్ట కొంచెం ముందుకొచ్చింది. గోళ్ల కింద నల్లగా ఉండేది. పక్కన కూర్చుంటే ఊపిరి... ఛీ, చెప్పకూడదు. ఎండుచేపల మధ్య బతికిన సాయిలక్ష్మి కూడా తల పక్కకి తిప్పుకుని పాఠం చెప్పాల్సి వచ్చింది. ముసలిది ఇప్పుడు పాఠం వినడం లేదు. "ఊఁ" అంటూ వంటింటి కిటికీ వైపు చూసేది.

నవంబరులో ఈ దీవుల్లో ఐదు కొట్టేసరికే పొద్దు గూకుతుంది. గడియారం దిల్లీది, సూర్యుడు మాత్రం ఇక్కడివాడు. అలాంటి ఒక సాయంత్రం కరెంటు పోయింది. సాయిలక్ష్మి దుకాణం తలుపు సగం దించి, ఫోను లైటు వేసుకుని లోపలికి వచ్చింది. వంటింట్లో ఏదో చప్పుడు. చిక్కటి గంజి జుర్రుకుంటున్న చప్పుడు. ఆగి... మళ్లీ. మధ్యలో గురువమ్మ గొంతు, గుసగుసగా, గారాబంగా.

"ఇంకో ముద్ద... మా బాబే... ఇంకొక్కటి."

సాయిలక్ష్మి లైటు ఎత్తింది.

అత్త నేల మీద బాసింపట్టు వేసుకుని కూర్చుంది. ఒడిలో సీసా, మూత తీసి ఉంది. పక్కన అన్నం కంచం. గురువమ్మ ఒక ముద్ద కలిపి, చెయ్యి మణికట్టు దాకా సీసాలో ముంచింది. తీసింది. వేళ్ల నిండా ఊదారంగు జిగురు, సాగుతూ కిందకి కారుతోంది. ముద్ద సగమే ఉంది. ఆ సగాన్ని తన నోట్లో పెట్టుకుంది. కళ్లు మూసుకుని నమిలింది. పళ్ల కింద ఇసుక కరకరలాడింది.

సాయిలక్ష్మి డోకు ఆపుకోలేకపోయింది. గుమ్మంలోనే వాంతి అయింది. నోరు తుడుచుకుంటూ, "అత్తా... ఏం చేస్తున్నావు అత్తా! ఛీ... థూక్ దో, ఉమ్మెయ్ ముందు!" అంది.

గురువమ్మకి కంగారు లేదు. పెదాల మీది నలుపు నాలుకతో తుడుచుకుంది.

"ఒంటిగా తిననంతన్నాడే. సగం నాను తింటేనే సగం ఆడు తింతన్నాడు."

"ఎవరు?"

"నువ్వే గదేటి తెచ్చినావు. నాకు సెప్పకపోయినా కంపు తెలీదేటి? మా ఇంటి అరుగు పక్క మట్టి. ఆడు నిలబడిన సోటు." ముసలిది సీసాని చెంపకి ఆనించుకుంది. "ఆ పొద్దు ఆదోరం. గుడ్డు ఉడకబెడతన్నాను. అమ్మా గుడ్డు, అమ్మా గుడ్డు అని పేనం తీసినాడు. ఉడకనీరా, బయట ఆడుకోరా అన్నాను. అరుగు దిగినాడు... అంతే. ఇన్నేల్లూ ఆకలితోనే ఉన్నాడే లచ్చిమీ. నువ్వు గుడ్డు ఏసి పిలిసినావు. వొచ్చీసినాడు."

అప్పుడు గుర్తొచ్చింది సాయిలక్ష్మికి. తన చిన్నప్పుడు ఇంట్లో చూసిందే, తెలియనిది కాదు. తమ వాళ్లలో సముద్రం ఎవరినైనా తీసుకుపోయి ఒళ్లు ఇవ్వకపోతే, ఆ మనిషి చివరిగా నిలబడిన చోట మట్టి తీస్తారు. కుండలో వేస్తారు. ఇష్టమైన తిండి అందులో వేసి, తినమని చెప్పి పిలుస్తారు. ఒక రాత్రి ఇంట్లో ఉంచుతారు. మర్నాడు చీకటి పడకముందే సముద్రంలో పోసేసి, వెనక్కి చూడకుండా వచ్చేస్తారు. తాతబ్బాయికి అది జరగలేదు. మట్టి తీస్తే వాడు లేడని ఒప్పుకున్నట్టేనని గురువమ్మ ఎవరినీ తియ్యనివ్వలేదు. ఇన్నేళ్లకి కోడలు తీసింది. సీసాలో వేసింది. తిండి వేసి, తినమంది. పిలవడం వరకు అంతా చేసింది. పంపడం మానేసి కిటికీలో పెట్టి ఫొటోలు తీసింది.

సీసా లాక్కోబోతే ముసలిది విడవలేదు. ఆ వేళ్లలో అంత బలం ఎక్కడిదో. లాగుతుంటే నీళ్లు తొణికి సాయిలక్ష్మి ముంజేతి మీద పడ్డాయి. వెచ్చగా ఉన్నాయి. ఉమ్మి ఎంత వెచ్చగా ఉంటుందో అంత. ఆవిడ చెయ్యి వెనక్కి తీసుకుని చీరకి రుద్దుకుంటూనే ఉండిపోయింది.

తెల్లారి గురువమ్మకి జ్వరం. మంచం దిగలేకపోయింది, అయినా సీసా పక్కలోనే ఉంది. పొట్ట డప్పులా బిగిసింది. దుప్పటి తీస్తే లోపల ఏదో పొర్లుతున్నట్టు చర్మం ఒకచోట లేచి, మరోచోట దిగింది. "హాస్పిటల్‌కి పోదాం అత్తా" అంటే, "ఆడికి సూదంటే బయం" అంది. నాగరాజుకి ఫోను చేస్తే సిగ్నల్ లేదు.

సాయిలక్ష్మి దుకాణానికి తాళం వేసి, కొండవాలున ఉండే సింహాచలమ్మ దగ్గరకి పరిగెత్తింది. గురువమ్మతో పాటు అదే ఓడలో వచ్చిన మనిషి, ఇలాంటి పనులన్నీ ఆవిడ చేతి మీదే జరుగుతాయి. సింహాచలమ్మ విని, దవడలు నొక్కుకుంది.

"ఇన్ని దినాలు ఇంట్లో ఉంచినావేటే! నీ సదువు సముద్రంలో కలవా! ఒక్క రేతిరి దాటితే అది ఇల్లు మరిగిపోద్ది."

"ఇప్పుడేం చెయ్యాలి పిన్నీ? బోలో నా, తొందరగా చెప్పు."

"తిండి పెట్టింది ఎవులు?"

"నేనే. గుడ్డు వేసింది నేనే."

"ఇంకెవులూ పెట్టనేదు గదా?"

సాయిలక్ష్మి నోరు తెరిచింది. మా అత్త పెడుతోంది, పెట్టి అందులోదే తింటోంది, అని చెప్పాలి. నల్లటి పెదాలు, మణికట్టు దాకా సాగిన జిగురు కళ్లకి కట్టాయి. ఆ మాట చెబితే సాయంత్రానికల్లా వాడంతా అదే చెప్పుకుంటుంది. గురువమ్మ బురద తింటోందట, అని. తనకి పాఠం చెప్పించుకుని "ఓలమ్మ!" అని ఆశ్చర్యపోయే మనిషిని చూసి పిల్లలు థూ థూ అని ఉమ్ముతారు. ఆ పరువు తను తియ్యలేదు.

"లేదు పిన్నీ. నేనొక్కదాన్నే."

"ఐతే నువ్వే పంపాల. తిండి పెట్టిన సెయ్యే పంపాల, ఇంకొకరు పంపితే అది కదలదు. ఇయాలే, పొద్దు గూకకముందే. పోసీసి వొచ్చీ. ఎల్లిపోయేటప్పుడు అది ఎనకనుంచి ఒక్క పిలుపు పిలుస్తాది. తిరిగి సూడకు. పిలిసిందంటే ఎల్లిపోయినట్టే."

ఇల్లు చేరేసరికి నాలుగు దాటింది. మబ్బు మూసుకొచ్చి గదిలో చీకటి పడింది, కరెంటు లేదు. గురువమ్మ వెల్లకిలా పడుకుని ఉంది. నోరు తెరిచి ఉంది. నిన్నటి పట్టు లేదు, సీసా తీస్తే చెయ్యి ఊరికే జారిపోయింది. సాయిలక్ష్మికి ఎంత ఊరట అనిపించిందో! అత్త చీకట్లో భయపడుతుందని ఫోను లైటు వేసి మంచం మీద, దిండు పక్కన పెట్టింది. "ఇప్పుడే వస్తానత్తా. వచ్చాక పాఠం చెబుతా" అంది. ముసలిది కళ్లు తిప్పి చూసింది.

కొండ దిగితే సముద్రం. ఆటోవాడు ఒకడు ఆగి, ముక్కు చిట్లించి, బండి కదిలించుకుని పోయాడు. సాయిలక్ష్మి సీసాని గుడ్డలో చుట్టి చంకలో పెట్టుకుని నడిచింది. మొదట బరువుకి భుజం లాగేసింది. కొంత దూరం పోయాక ఆ బరువు అంత అనిపించలేదు. రాళ్లబాట దగ్గరికి వచ్చేసరికి ఒంటిచేత్తో పట్టుకోగలిగింది. నీళ్లేమీ కారడం లేదు. మూత బిగించే ఉంది. పోతున్నాడు, దారిలోనే పోతున్నాడు, అనుకుని అడుగు పెంచింది.

ఒడ్డున గుడ్డ విప్పింది. మిగిలిన కాస్త వెలుతురులో సీసా చూసింది. ఆకుపచ్చ లేదు. ఊదా లేదు. ఉత్త బూడిదరంగు మన్ను, పైన తేట నీళ్లు. మూత తీసింది. కంపు లేదు. అసలు ఏ వాసనా లేదు. మోకాళ్ల లోతు నీళ్లలో నిలబడి వంపేసింది. మన్ను అలలో కలిసిపోయింది. సీసాని రాయికేసి పగలగొట్టింది. వెనక్కి తిరిగి చూడకుండా నడక మొదలుపెట్టింది.

పిలుపు కోసం చెవులు రిక్కించింది. అలల చప్పుడు. గాలికి మొగలి పొదల చప్పుడు. రోడ్డెక్కింది... ఎవరూ పిలవలేదు. మలుపు దగ్గర కావాలని నిదానంగా నడిచింది. ఎవరూ పిలవలేదు. గాలి హోరులో వినపడి ఉండదులే అని తనకి తనే చెప్పుకుంది.

ఇంటికి వచ్చేసరికి కరెంటు వచ్చింది. గదిలో కంపు పోయింది. గురువమ్మ మంచం మీద లేచి కూర్చుని ఉంది. జ్వరం లేదు, పొట్ట తగ్గింది, ముఖం తేటగా ఉంది. సాయిలక్ష్మి ఆవిడ కాళ్ల దగ్గర కూలబడి ఏడ్చేసింది. ఎన్ని రోజుల ఏడుపో అంతా బయటికి వచ్చింది.

"పోయాడత్తా. పంపించేశాను. మాఫ్ కరో అత్తా, నా వల్లే ఇదంతా."

గురువమ్మ కోడలి తల నిమిరింది. పెదాలు గట్టిగా మూసుకుని, చిన్నగా నవ్వింది. చేత్తో తినే సైగ చేసింది. సాయిలక్ష్మి సంతోషంతో పరిగెత్తుకెళ్లి అన్నం వండింది, పప్పు తిరగమోత పెట్టింది. గురువమ్మ కంచం తీసుకుని గోడ వైపు తిరిగి కూర్చుంది. తింటున్నంతసేపూ ముఖం ఇటు తిప్పలేదు. కంచం మాత్రం ఖాళీ అయింది. నీళ్లు తాగి, అటే తిరిగి పడుకుంది. నీరసం, మాట్లాడే ఓపిక లేదనుకుంది సాయిలక్ష్మి. దుప్పటి కప్పింది.

ఇక ఈ కోర్సు వద్దు, ఆ మాటకొస్తే ఏ కోర్సూ వద్దు అనుకుని దిండు పక్కనున్న ఫోను తీసింది. తెర మీద ఏదో తడి తగిలింది. చీరతో తుడిచి, క్లాసు తెరిచింది. బయటికి వెళ్లిపోయే మీట కోసం వెతుకుతుంటే ఎర్రటి అంకె కనపడింది. ఆవిడ పెట్టిన కొత్త ఫొటోకి బోలెడు మంది జవాబులు రాశారు.

కొత్త ఫొటో ఏదీ తను పెట్టలేదు. పెట్టిన సమయం చూసింది. తను సముద్రంలో నిలబడి ఉన్న వేళ. ఫోను ఇక్కడ మంచం మీద ఉంది. గురువమ్మకి ఫోను ఎత్తి హలో అనడం కూడా రాదు.

ఫొటోలో రంగులు దివ్యంగా ఉన్నాయి. ముందు ఆకుపచ్చ, లోపలికి పోయేకొద్దీ ఊదా, ఆ వెనక కాటుక నలుపు. అందరూ మెచ్చుకున్నారు. క్లాసు మొత్తంలో ఇదే ఉత్తమం అని గడ్డం మేష్టారే స్వయంగా రాశాడు. పోర్చుగల్ ఆవిడ మాత్రం అడిగింది: "ఇది మీ పాత సీసా కాదు కదా? గోడలు మెత్తగా, తడిగా, ఎర్రగా ఉన్నాయి. మూతి చుట్టూ తెల్లరాళ్లు ఎందుకు పేర్చారు?"

రాళ్లు కావు అవి. పళ్లు. నాలుక మీద ఆకుపచ్చ... అంగుడి మీద ఊదా... గొంతులో...

కింద కెనడా ముసలాయన అదే ఫొటోలో ఒక చోట ఎర్రగా సున్నా చుట్టి పెట్టాడు. "నా కళ్లద్దాల దోషమేమో. నలుపు పొర మొదట్లో, లోపలి నుంచి పైకి వస్తూ, వరసగా అయిదు చిన్న తెల్లచుక్కలు ఉన్నాయి. మా ఎవరి సీసాల్లోనూ రాలేదు. ఇవి ఏ జీవులు?"

పక్కన మంచం మీద గురువమ్మ గుటక వేసింది. సాయిలక్ష్మి తల తిప్పలేదు. రెండు వేళ్లతో సున్నా లోపలి భాగాన్ని పెద్దది చేసింది. బొమ్మ మొదట మసకబారి, తరవాత తేటపడింది. నాలుక మొదలుని పట్టుకుని అయిదు గోళ్లు. పసివాడి గోళ్లు. ఒక్కోదాని కింద నల్లటి బురద.